పంటి బిగువున ఎన్నాళ్ళు భరిస్తారు?

దవడ కండరాల నొప్పి: ఇంట్లో ఏం చెయ్యాలి? ఎప్పుడు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి?

పొద్దున్నే నిద్ర లేచేసరికి దవడలు పట్టేసినట్టుంటున్నాయా? పళ్ళు తోముకుందామని నోరు తెరిస్తే చెవి ముందు ‘టక్’మని చప్పుడొస్తోందా? జంతిక కొరికితే చెంప లోపల ఎవరో మెలిపెట్టినట్టు లాగుతోందా? పన్ను చూస్తే పుచ్చలేదు, చెవి చూస్తే చీము లేదు. అయినా నొప్పి మాత్రం వదలదు. అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే. మధ్యాహ్నం పనయ్యాక కాస్త తీరిగ్గా కూర్చుని చదవండి.

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను. మీలాగే పొద్దున్నే పాలు కాచి, క్యారేజీలు కట్టే ఇల్లాలిని. కానీ ఈ దవడ నొప్పితో దాదాపు ఎనిమిది నెలలు అవస్థ పడ్డాను. తెలియక ఒక మంచి పన్ను కూడా పోగొట్టుకున్నాను. నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అందుకే నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ చెప్పినవీ, నేను అనుభవంతో నేర్చుకున్నవీ మీ ముందు పెడుతున్నాను.

నా కథ ఇదీ!

ఒక సంక్రాంతికి పిండివంటలు చేస్తూ రుచి చూద్దామని చేగోడీ కొరికాను. కుడి దవడ దగ్గర చురుక్కుమంది. పంటినొప్పేమో అనుకుని లవంగ నూనె పెట్టాను. చిగురు మండింది గానీ నొప్పి పోలేదు. తర్వాత చెవిలోకి పాకింది. మందుల షాపులో చెవి చుక్కలు తెచ్చి వేసుకున్నాను. ఊహూఁ! ఆ పైన కణతల దగ్గర తలనొప్పి మొదలైంది. రోజుకో మాత్ర మింగుతూ నెట్టుకొచ్చాను.

చివరికి ఒక పళ్ళ ఆసుపత్రికి వెళితే, “కుడి వైపు దవడ పన్ను తీసేస్తే తగ్గిపోతుంది” అన్నారు. ఎందుకు తీయాలని నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. తీయించుకున్నాను. పన్ను పోయింది, నొప్పి మాత్రం అక్కడే ఉంది!

ఇంకో నాలుగు నెలలకి మా మరదలు బలవంతం మీద వేరే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఆవిడ పళ్ళు చూడ్డానికి ముందు నా రెండు చెంపల మీదా వేళ్ళు పెట్టి నొక్కింది. ప్రాణం పోయినంత పనైంది. “ఇదీ మీ నొప్పి. పంటిది కాదు, చెవిదీ కాదు, కండరానిది. మీరు పళ్ళు బిగపడతారా అమ్మా?” అంది. లేదన్నాను. “ఇప్పుడు కూడా బిగపట్టే ఉన్నారు” అని నవ్వింది. నిజమే! అప్పటిదాకా నాకే తెలియదు.

“ఇంట్లో ఏవైనా ఇబ్బందులున్నాయా?” అని మెల్లగా అడిగింది. అంతే, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ యేడే అత్తయ్యగారు మంచాన పడ్డారు. అమ్మాయి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఎవర్నీ ఒక్క మాట అనకుండా అన్నీ పంటి బిగువున లాక్కొస్తున్నాను. ఆ మాట ఏదో మాటవరసకి అంటారనుకున్నాను గానీ, నా దవడలు రాత్రీ పగలూ నిజంగానే ఆ పని చేస్తున్నాయని అప్పుడు తెలిసింది.

అసలు దవడలో ఏం జరుగుతుంది?

రెండు చెంపల మీదా వేళ్ళు ఆనించి పళ్ళు గట్టిగా బిగించండి. వేళ్ళ కింద గట్టిగా ఉబికి వచ్చేదే నమిలే కండరం. దీన్ని డాక్టర్లు మాసెటర్ అంటారు. ఇప్పుడు కణతల మీద వేళ్ళు పెట్టి మళ్ళీ బిగించండి. అక్కడ కూడా కదులుతోంది కదూ? అది టెంపొరాలిస్ కండరం. ఇవి కాక దవడ లోపలి వైపు ఇంకో రెండు జతలున్నాయి. మొత్తం నాలుగు జతల కండరాలు కలిసి మనం తినే ప్రతి ముద్దనూ నములుతున్నాయి.

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. అక్కడ కదిలేది దవడ కీలు. దాని మధ్యలో మెత్తటి బిళ్ళలాంటిది ఉంటుంది. అది కాస్త పక్కకి జరిగితే నోరు తెరిచినప్పుడు ‘టక్’మని చప్పుడొస్తుంది. నొప్పి లేకుండా, నోరు బాగానే తెరుచుకుంటూ ఉంటే ఉత్త చప్పుడుకి భయపడక్కర్లేదు, వైద్యం కూడా అక్కర్లేదు.

మామూలుగా తినేటప్పుడూ, గుటక వేసేటప్పుడూ తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదానికొకటి తగలకూడదట! మిగతా సమయమంతా వాటి మధ్య సన్నటి సందు ఉండాలి. రోజంతా బిందె మోస్తే చెయ్యి ఎలా పట్టేస్తుందో, రోజంతా బిగించి ఉంచితే దవడ కండరం కూడా అలాగే పట్టేస్తుంది. ఆ నొప్పి చెవిలోకీ, కణతల్లోకీ, పళ్ళలోకీ, మెడలోకీ పాకుతుంది. అందుకే మనం పన్ననీ చెవనీ తిరుగుతుంటాం.

ఈ బాధ మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ముఖ్యంగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని మిగతా వయసుల వాళ్ళకి రాదని కాదు.

మీ నొప్పి కండరానిదేనా? ఇలా చూసుకోండి

నొప్పి సూది పొడిచినట్టు ఒకచోట కాకుండా, చెంపంతా మొద్దుగా సలుపుతుంటే కండరానిది కావచ్చు. నమిలినప్పుడూ, ఆవులించినప్పుడూ, ఎక్కువసేపు మాట్లాడినప్పుడూ పెరుగుతుంది. చెంపని నొక్కితే అదే నొప్పి తెలుస్తుంది.

పొద్దున లేవగానే ఎక్కువగా ఉంటే రాత్రి నిద్రలో పళ్ళు నూరుతున్నారేమో అనుమానించాలి. మీవారిని అడగండి, ‘కరకర’మని చప్పుడు వినిపిస్తోందేమో. సాయంత్రానికి ఎక్కువవుతుంటే పగలు పని చేస్తూ బిగపడుతున్నారన్నమాట.

మూడు వేళ్ళ పరీక్ష: మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టి చూడండి. మూడూ పడితే నోరు సరిగానే తెరుచుకుంటోందని లెక్క. రెండే పడుతుంటే డాక్టరుకు చూపించాలి. బలవంతంగా మాత్రం దూర్చకండి!

చల్లనీళ్ళు తగిలితే ఒక్క పన్నే జివ్వుమనడం, ఆ పన్ను మీద కొడితే నొప్పి, చిగురు వాపు ఉంటే అది పంటి సంగతే. ముఖం మీద చెయ్యి తగిలినా, గాలి తగిలినా కరెంటు షాకులా కొన్ని క్షణాలు కొట్టి మాయమవుతుంటే అది నరానికి సంబంధించినది కావచ్చు. భోజనానికి కూర్చోగానే దవడ కింద వాపు వచ్చి, తిన్నాక మెల్లగా తగ్గుతుంటే లాలాజల గ్రంథిలో రాయి ఉందేమో చూపించుకోవాలి. వీటన్నిటికీ వైద్యం వేరు.

మనం తెలియక చేసే పొరపాట్లు

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి కూర తరగడం మనందరికీ అలవాటే. మెడ, దవడ రెండూ పట్టేస్తాయి. టీవీ చూస్తూ గడ్డం కింద చెయ్యి ఆనించడం, బోర్లా పడుకోవడం, ఒకవైపే నమలడం, ఆవకాయ టెంకను అరగంట చప్పరించి కొరకడం, దారం పళ్ళతో తెంపడం, నూనె ప్యాకెట్టు పళ్ళతో చించడం, సోడా మూత పళ్ళతో తీయడం... ఇవన్నీ దవడకు శిక్షలే. చూయింగ్ గమ్ నమిలే పిల్లలకీ ఇదే తంటా.

పంటి వైద్యం కోసం గంటసేపు నోరు తెరిచి కూర్చున్నా కొన్నాళ్ళు కండరం నొప్పి పెట్టొచ్చు. దవడకి దెబ్బ తగిలినా, కీళ్ళవాతం ఉన్నా రావొచ్చు. మనసు బాధ, నిద్ర చాలకపోవడం ఉన్న నొప్పిని ఇంకా పెంచుతాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులతో కూడా కొందరికి పళ్ళు బిగపట్టడం వస్తుంది. అలాంటి మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకుండా రాసిన డాక్టరుకే చెప్పండి.

రెండు వారాల ఇంటి వైద్యం

ప్రమాద సూచనలు (కింద చెబుతాను) ఏవీ లేకపోతే ముందు ఇంట్లోనే ఇవి చేసి చూడండి. చాలామందికి వీటితోనే తగ్గుముఖం పడుతుంది.

1. పళ్ళు విడదీయండి: ‘న’ అని పలికి నాలుక కొనను అక్కడే ఉంచండి. పెదవులు కలిపి, పళ్ళు మాత్రం విడిగా ఉంచండి. దవడకు ఇదే విశ్రాంతి. ఇది గుర్తుండడానికి నేనో చిట్కా కనిపెట్టాను. ఫ్రిజ్ మీద, పోపులపెట్టె మూత మీద, అద్దానికి, ఫోను వెనకాల ఒక్కో బొట్టుబిళ్ళ అంటించాను. అది కనబడ్డప్పుడల్లా ‘పళ్ళు తగులుతున్నాయా?’ అని చూసుకోవడం, వదిలెయ్యడం! మొదటి రోజు ఎన్నిసార్లు బిగపట్టి దొరికిపోయానో చెబితే నవ్వుతారు.

2. కాపడం: తువ్వాలు గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండి, ముందు మణికట్టు మీద ఆనించి వేడి చూసుకుని, చెంప మీద 15 నుంచి 20 నిమిషాలు పెట్టుకోండి. రోజుకి రెండు మూడుసార్లు. దెబ్బ తగిలి వచ్చిన నొప్పికైతే మొదటి ఒకటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసుముక్క 10 నిమిషాలు పెట్టాలి. జ్వరంతో కూడిన వాపుంటే మాత్రం ఏ కాపడమూ పెట్టకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

3. మర్దన: కాపడం అయ్యాక వేళ్ళ మెత్తటి భాగంతో చెంపలూ, కణతలూ గుండ్రంగా, నెమ్మదిగా రెండు నిమిషాలు రుద్దుకోండి. పిండి పిసికినట్టు బలం చూపించక్కర్లేదు.

4. చిన్న వ్యాయామం: నాలుక కొన అంగిలికి ఆనించే ఉంచి, నొప్పి రానంతవరకు నోరు మెల్లగా తెరిచి మూయండి. ఆరుసార్లు చొప్పున రోజుకి నాలుగైదుసార్లు. నొప్పి పెరిగితే ఆపేయండి.

5. ఆవులింత: వస్తున్నట్టు అనిపించగానే గడ్డం కింద పిడికిలి ఆనించండి. నోరు మరీ బార్లా తెరుచుకోకుండా ఆపుతుంది.

6. నిద్ర: వెల్లకిలా గానీ, పక్కకి గానీ పడుకోండి. సాయంత్రం తర్వాత కాఫీ, టీలు తగ్గించండి. నిద్రలో గట్టిగా గురక, పగలు తూగు ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

7. మాత్రలు: తప్పనిసరైతే ఒకటి రెండు రోజులు పారాసిటమాల్, అదీ చీటీ మీద రాసిన మోతాదు దాటకుండా. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళూ, గర్భిణులూ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. మందుల షాపతన్ని అడిగి తెచ్చుకోవడం వైద్యం కాదు!

దవడకు సెలవు... వంటింట్లో ఏం వండాలి?

మెత్తగా తినమంటే రోజూ జావే తాగాలేమో అని బెంగ పడకండి. ఇంటిల్లిపాదికీ చేసినదాంట్లోనే సర్దుకోవచ్చు.

పొద్దున ఇడ్లీని సాంబారులో నానబెట్టుకుని తినండి. లేదా కాస్త జారుగా ఉప్మా, రాగిజావ. దోసె వేసుకుంటే ఎర్రగా కరకరలాడనివ్వకుండా మెత్తగా తీసేయండి. మధ్యాహ్నం మెత్తగా వండిన అన్నం, ముద్దపప్పు, నెయ్యి, సొరకాయ పాలుపోసిన కూర, బీరకాయ పెసరపప్పు, పెరుగన్నం. మాంసం తినేవాళ్ళు ముక్కలు మానేసి గుడ్డు పొరటు, ముల్లు తీసిన చేప తినొచ్చు. రాత్రికి పెసరపప్పు కిచిడీ చక్కగా దిగుతుంది. జొన్నరొట్టె లేనిదే ముద్ద దిగని ఇళ్ళలో రొట్టెను వేడి పప్పులోనో, పాలల్లోనో నానబెట్టి తినండి. పళ్ళలో అరటిపండు, బొప్పాయి, మామిడిపండు ముక్కలు.

ఆ రెండు వారాలూ జంతికలు, చెక్కలు, చెరుకు ముక్కలు, మొక్కజొన్న పొత్తు, పచ్చి జామకాయ, మునక్కాడ, వేరుశెనగ ఉండలు, పల్లీలు దూరం. ముద్ద చిన్నది చేసుకుని, రెండు వైపులా మార్చి నమలండి. అన్నం మాడు గోకి నమిలే అలవాటుంటే అదీ కొన్నాళ్ళు మానండి!

ఇవి నమ్మకండి

“పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో పురుగులున్నట్టే” అని మా అమ్మమ్మ అనేది. పురుగులు వేరు, పళ్ళు కొరకడం వేరు. బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించండి, అది ఎలాగూ మంచిదే. కానీ చిన్నపిల్లల్లో ఈ కొరకడం చాలావరకు వయసొచ్చేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. పళ్ళు అరిగిపోతున్నా, పొద్దున్నే దవడ నొప్పని ఏడుస్తున్నా చూపించాలి.

లవంగ నూనె పుచ్చిన పన్నుకి కాసేపు ఉపశమనం ఇస్తుందేమో గానీ కండరానికి ఏమీ చెయ్యదు. ఎక్కువ రాస్తే చిగురు కాలుతుంది. చెవిలో జబ్బు లేనప్పుడు చెవి చుక్కలూ, వేడి నూనే దండగ. ఇక దవడ పట్టేసిందని ఎవరో గట్టిగా ‘లాగి’ సరిచేస్తామంటే అసలు ఒప్పుకోకండి.

అన్నిటికంటే ముఖ్యం... పన్ను తీయడానికి ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. “ఏ పన్ను? ఎందుకు? ఎక్స్‌రేలో ఏం కనిపించింది?” అడగడం తప్పు కాదు. అడగకపోవడం వల్ల నేను ఏం పోగొట్టుకున్నానో చెప్పాను కదా!

ఈ వారంలోనే డాక్టరుకు చూపించాల్సినవి

పైన చెప్పినవన్నీ చేసినా రెండు వారాల్లో నొప్పి తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే. నోరు రెండు వేళ్ళకి మించి తెరుచుకోకపోతే. తెరిచేటప్పుడు దవడ మధ్యలో ఇరుక్కుపోతుంటే. పై పళ్ళూ కింది పళ్ళూ మునుపటిలా కలవడం లేదనిపిస్తే. పళ్ళు అరిగి, పగుళ్ళు వస్తుంటే. చెంప మొద్దుబారినట్టుంటే. నోట్లో పుండు గానీ, మెడలో గడ్డ గానీ రెండు వారాలకి కూడా తగ్గకపోతే.

ఇంకొకటి జాగ్రత్తగా వినండి. నొప్పి పెద్దగా లేకుండానే నోరు తెరుచుకోవడం నెలనెలా తగ్గిపోతోందా? కారం తగిలితే మంట, చెంప లోపల తెల్లగా, తోలులా గట్టిపడ్డట్టుందా? వక్కపొడి, గుట్కా, పాన్‌మసాలా నమిలేవాళ్ళకి వచ్చే జబ్బు ఇది. వక్క వల్లే వస్తుంది, పొగాకు కలవకపోయినా వస్తుంది. గట్టిపడ్డ చర్మం మళ్ళీ మామూలుగా అవడం కష్టం. కొందరిలో క్యాన్సర్‌గా కూడా మారుతుంది. భోజనమయ్యాక ‘ఒక్క పొట్లమే కదా’ అని వక్కపొడి వేసుకునే అలవాటు మనింట్లో ఎవరికుందో మనకు తెలియదా? ఈ రోజే మాన్పించి, మూడు వేళ్ళ పరీక్ష చేయించండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే పెద్దవాళ్ళుంటే వాళ్ళ అంగిలి కూడా తప్పక చూపించాలి.

ఈ రోజే వెళ్ళాల్సినవి

జ్వరంతో పాటు దవడ కింద వాపు, మింగడం కష్టంగా ఉండడం. జ్ఞానదంతం దగ్గర చీము పట్టినా ఇలాగే అవుతుంది. వాపు గొంతు వైపు పాకి ఊపిరి ఆడకపోతే క్షణం కూడా ఆగకూడదు.

ఆవులించాక దవడ జారి నోరు మూతపడకపోవడం. ఇంట్లో ఎవరూ లాగొద్దు, నెట్టొద్దు. గడ్డం కింద మెత్తటి గుడ్డ కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దెబ్బ తగిలాక పళ్ళు సరిగా కలవకపోవడం. ఎముక విరిగి ఉండొచ్చు.

మేకో, కొడవలో గుచ్చుకున్న కొన్నాళ్ళకి దవడలు బిగుసుకుని పళ్ళు గిట్టకరుచుకుపోవడం, మెడ కొయ్యబారడం. ఇది ధనుర్వాతం. టీకాల వల్ల ఇప్పుడు తగ్గిపోయింది గానీ ఎక్కడా లేదని కాదు. ప్రాణాంతకం.

50 ఏళ్ళు దాటినవాళ్ళకి కొత్తగా కణతల్లో తలనొప్పి, తల దువ్వుకుంటే మాడు నొప్పి, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ నొప్పి వచ్చి ఆపితే తగ్గడం, చూపు మసకబారడం. మన దగ్గర అరుదే గానీ, ఆలస్యమైతే చూపు పోతుంది.

వెంటనే 108కి ఫోన్ చెయ్యాల్సింది

ఇది చెప్పాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆవిడకి షుగరు. డాబా మీద బట్టలు ఆరేసి వచ్చినప్పుడల్లా కింది దవడ లాగుతోందనేది. కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. పంటినొప్పని అందరం అనుకున్నాం. ఒక రోజు పొద్దున దవడతో పాటు వీపు కూడా లాగింది, ఒళ్ళంతా చెమటలు, వికారం. “గ్యాసు పట్టింది, సోడా తాగితే పోతుంది” అంది. బామ్ రాసుకుని పడుకుంది. కోడలికి పనిలో ఇబ్బంది పెట్టడం దేనికని సాయంత్రం దాకా చెప్పలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాక గుండెపోటని తేలింది. ప్రాణం దక్కింది. కానీ ఆలస్యమైందన్నారు, గుండె కండరం కొంత దెబ్బతింది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం.

గుండెపోటు అంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమే అనుకుంటాం. ఛాతీలో బరువే ఎక్కువమందిలో కనిపించే లక్షణం, నిజమే. కానీ ఆడవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో దవడ, మెడ, వీపు, భుజం నొప్పి, వికారం, ఆయాసం, చెప్పలేని నీరసం ఇలా కూడా రావొచ్చు. తేడా ఎలా తెలుస్తుంది? కండరం నొప్పి నమిలితే పెరుగుతుంది, నొక్కితే తెలుస్తుంది. గుండె తాలూకు నొప్పి నమలడంతో సంబంధం లేకుండా వస్తుంది. మెట్లెక్కినా, బరువెత్తినా వచ్చి, కూర్చుంటే తగ్గుతుంటే అది ముందస్తు హెచ్చరిక. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువుతో దవడ లాగుతుంటే మాత్రం కాపడాలు, బామ్‌లు, సోడాలు అన్నీ పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. పొరబాటున పంటినొప్పే అయితే నవ్వుకుందాం, పోయేదేముంది?

ఎవరి దగ్గరకు వెళ్ళాలి? ఏం చెప్పాలి?

మామూలు దవడ నొప్పికి మొదట పళ్ళ డాక్టరు దగ్గరకే వెళ్ళండి. అవసరమైతే ఓరల్ మెడిసిన్, ఓరల్ సర్జరీ డాక్టర్లకు వాళ్ళే పంపిస్తారు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఈ విభాగాలు అక్కడ ఉంటాయి.

వెళ్ళేముందు పాల లెక్క రాసుకునే క్యాలెండర్లోనే ఒక వారం పాటు రాసి పెట్టండి. నొప్పి పొద్దునా, సాయంత్రమా? ఏం తింటే వచ్చింది? ఆ రోజు నిద్ర ఎలా ఉంది? ఏం మాత్ర వేసుకున్నారు? ఆ కాగితం చూపిస్తే డాక్టరుకి సగం పని తేలికవుతుంది.

రాత్రి పళ్ళు నూరేవాళ్ళకి అచ్చు తీసి నైట్ గార్డ్ చేసిస్తారు. అది పళ్ళు అరగకుండా కాపాడుతుంది. అలవాటును మాన్పించే మంత్రం మాత్రం కాదు. నాకూ ఇచ్చారు. మొదటి వారం నోట్లో చెప్పు పెట్టుకున్నట్టుంది, తర్వాత అలవాటైపోయింది. కొందరికి ఫిజియోథెరపీ చేయిస్తారు.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వైద్య సూచనల గురించి డాక్టరమ్మ చెప్పింది. చాలాకాలంగా ఉన్న దవడ నొప్పికి దవడ వ్యాయామాలు, నిపుణుల చేత మర్దన, మనసుకి ఊరటనిచ్చే కౌన్సెలింగ్ లాంటివే ముందు చెయ్యాలని అందులో ఉందట. మళ్ళీ వెనక్కి తీసుకోలేని పనుల జోలికి తొందరపడి వెళ్ళకూడదు. అందుకని నొప్పి తగ్గడానికి పళ్ళు అరగదీస్తాం, ఆపరేషన్ చేస్తాం అని ఎవరైనా మొదటి రోజే అంటే, ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోండి.

చివరగా ఒక్క మాట

నాకు తగ్గడానికి మూడు నెలలు పట్టింది. కాపడమూ, వ్యాయామమూ, నైట్ గార్డూ అన్నీ పనిచేశాయి. కానీ డాక్టరమ్మ చెప్పిన ఇంకో మందు కూడా ఉంది. “రోజుకొక్కసారైనా మనసులో ఉన్నది ఎవరితోనైనా పైకి చెప్పండమ్మా” అంది. ఆ రాత్రి మావారితో చెప్పాను, అత్తయ్యగారి పని ఒక్కదాన్నే చెయ్యలేకపోతున్నానని. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అన్నారు. మర్నాటి నుంచి రాత్రి పూట అత్తయ్యగారి మందులూ, పక్క మార్చడమూ ఆయనే చూసుకుంటున్నారు. అప్పు అలాగే ఉంది. కానీ దాని లెక్కలు ఇప్పుడు ఇద్దరం కూర్చుని చూసుకుంటున్నాం.

ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా పరుగెత్తేది మనమే. మన నొప్పికొచ్చేసరికి ‘పండగ అవ్వనీ, పరీక్షలు అవ్వనీ’ అని వాయిదా వేసేదీ మనమే. ఓర్చుకోవడం మంచిదే, కాదనను. కానీ ఏది ఓర్చుకోవాలో, ఏది చూపించుకోవాలో తెలిసి ఉండాలి.

సరే, ఇంతసేపూ చదివారు కదా. ఇప్పుడు ఒక్కసారి చూసుకోండి. మీ పై పళ్ళూ కింది పళ్ళూ తగిలి ఉన్నాయా? ఉంటే మెల్లగా వదిలెయ్యండి. వెళ్ళి ఫ్రిజ్ మీద ఒక బొట్టుబిళ్ళ అంటించి రండి!